పదిహేడో నంబరు గోడ

“...అయితే పడేది ఎవరి నెత్తిన అన్నయ్యా? నీ నెత్తినా, నా నెత్తినా?”

“ఇంకా పడలేదు కదమ్మా! పడకముందే ఇంత రాద్ధాంతం చేస్తే పడ్డాక చెయ్యడానికి నీ దగ్గర ఏం మిగుల్తుంది?”

“పడ్డాక నేనే మిగలను. అందుకే ఇప్పుడు చేస్తున్నా. ఆ బేళ్లు తీయించు.”

“తీయించి ఎక్కడ పెట్టమంటావు? మా ఇంట్లో పెట్టుకోనా?”

“పెట్టుకో. దూదే కదా. మెత్తగా పడుకుందువు గాని.”

క్యాంటీను కిటికీ బయట, చేతిలో టార్చిలైటు, చంకలో అడుగు బద్ద, మెడలో మిల్లువారి కెమెరాతో ఒక మనిషి నిలబడి ఈ మాటలన్నీ వింటున్నాడు. లోపల అరుస్తున్నది ఆయన భార్య. మిల్లు క్యాంటీను నడిపేది ఆవిడే. ఆ అరుపులు పడుతున్నది స్టోరు గుమాస్తా. పనికిరాని దూదిని బేళ్లు కట్టించి, స్టోరులో చోటు చాలక, క్యాంటీను వెనక గోడకి ఆనించి పేర్పించాడు. ఆ గోడ అప్పటికే బీట వారి ఉంది. ఆ బీటను కనిపెట్టుకుని ఉండడమే కిటికీ బయట నిలబడ్డ మనిషి ఉద్యోగం.

కాబట్టి ఆయన లోపలికి వెళ్లాలి. వెళ్లలేదు. వెళ్తే ఎవరో ఒకరి వైపు మాట్లాడాలి. గుమాస్తా వైపు మాట్లాడితే ఇంట్లో ముద్ద దిగదు. భార్య వైపు మాట్లాడితే స్టోరులో సిమెంటు దొరకదు. గొడవ చల్లారేదాకా టార్చిలైటు వెలిగించి ఆర్పి, బ్యాటరీలు చూసుకుంటున్నట్టు నటించి, అప్పుడే వస్తున్నవాడిలా లోపలికి నడిచాడు.

మిల్లులో ఆయన్ని అందరూ బీటలాయన అనేవారు. అసలు పేరు జీతాల పుస్తకంలో ఉంది, దాంతో ఎవరికీ పని పడలేదు. ఆ నూలు మిల్లులో యంత్రాలు పగలూ రాత్రీ తిరుగుతాయి. యంత్రం తిరిగితే నేల వణుకుతుంది, నేల వణికితే గోడ బీట వారుతుంది. బీట వారిన గోడని బాగు చెయ్యడం పెద్ద పని కాబట్టి, దాన్ని చూస్తూ ఉండడానికి ఒక మనిషిని పెట్టారు. ఇరవై రెండేళ్లుగా ఆయన చూస్తూనే ఉన్నాడు.

చూడడానికో పద్ధతి ఉంది. బీటకి అడ్డంగా వేలెడు పొడుగు సన్నటి అద్దం ముక్క పెట్టి, రెండు చివర్లా సిమెంటు ముద్దతో అంటించి, దాని మీద తేదీ రాస్తారు. గోడ కదిలితే అద్దం పుటుక్కున విరుగుతుంది. నెలకోసారి బీట పక్కన అడుగు బద్ద పెట్టి ఫోటో తీసి, రిజిస్టరులో కొలత రాసి, ఆఫీసుకి పంపాలి. మిల్లు మొత్తం మీద అలాంటివి నలభై ఒకటి. సొంత పిల్లల్లాగా వాటి గుణగణాలు ఆయనకి తెలుసు. పదకొండో నంబరు బుద్ధిమంతురాలు, ఆరేళ్లుగా కదల్లేదు. ముప్ఫయ్యోది వానాకాలం అలుగుతుంది, ఎండాకాలం సర్దుకుంటుంది. క్యాంటీను గోడ పదిహేడోది. అది మాత్రం చెప్పిన మాట వినే రకం కాదు. ఎనిమిది నెలల్లో నాలుగు అద్దాలు విరగ్గొట్టింది.

అద్దం విరిగినప్పుడల్లా ఆఫీసు చురుగ్గానే కదిలేది. కొత్త అద్దం మంజూరు చేసేది. కొత్త అద్దం మీద కొత్త తేదీ పడేది, కొత్త తేదీ పడ్డాక కొలత మళ్లీ సున్నా నుంచి మొదలయ్యేది. ఆ లెక్కన పదిహేడో నంబరు బీట ఎప్పుడు చూసినా రెండు నెలల పసిగుడ్డు.

బీటలాయన తన నివేదికల్లో “గమనించదగినది” అని రాసేవాడు. “ప్రమాదకరం” అని రాయొచ్చు, ఆ మాట ఆయనకి తెలియక కాదు. ఒకసారి రాయబోతే స్టోరు గుమాస్తా భుజం మీద చెయ్యి వేసి హితవు చెప్పాడు.

“గట్టిగా రాశావనుకో, గోడ కడతారనుకుంటున్నావా? ముందు క్యాంటీను మూస్తారు. గోడ సంగతి తర్వాత చూద్దామంటారు. తర్వాత అంటే తెలుసుగా? మీ ఆవిడ ఇంట్లో కూర్చుంటుంది. ఆవిడ ఇంట్లో కూర్చుంటే నీ గతేంటో ఆలోచించుకో.”

ఆయన ఆలోచించుకున్నాడు. “గమనించదగినది” అనే రాశాడు. ఇంటికొచ్చి భార్యకి ఆ సంగతి చెబితే, “నన్ను అడిగి రాశారా?” అంది.

అలాంటి రోజుల్లో మిల్లుకి కొత్త మేనేజరు వచ్చాడు. వస్తూ వస్తూ హెడ్డాఫీసులో మూడు రోజుల పాఠం విని వచ్చాడు. ప్రశ్నించని సంస్థ ఎదగదని ఆ పాఠం సారాంశం. వచ్చిన మొదటి వారమే అందర్నీ షెడ్డు ముందు నిలబెట్టి, “అడగండి! ఏదైనా అడగండి!” అన్నాడు. ఫిట్టరు ఒకడు చెయ్యెత్తి, తాగే నీళ్ల పంపు ఎప్పుడు బాగు చేయిస్తారని అడిగాడు. మర్నాటినుంచి ఫిట్టరుని రాత్రి షిఫ్టుకి మార్చారు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు. మేనేజరు బెంగపెట్టుకున్నాడు. ఇంతమంది మనుషుల్లో కుతూహలమనేది లేకపోవడమేమిటి? దాన్ని పైకి తియ్యాలని ఒక సర్క్యులరు వేశాడు.

ఆ నెల కుతూహల మాసం. ప్రతి ఉద్యోగీ ప్రకృతిలోగాని, రోజువారీ వస్తువుల్లోగాని తనంతట తాను ఏర్పడిన ప్రశ్నార్థకం గుర్తును వెతికి పట్టుకుని, ఫోటో తీసి, ఇరవయ్యో తేదీలోగా ఇవ్వాలి. చేత్తో అమర్చినవి చెల్లవు. ఇవ్వనివారి మీద చర్య ఉంటుంది. చిట్టచివర అచ్చక్షరాల్లో ఇలా ఉంది: ఈ సర్క్యులరుపై ప్రశ్నలు స్వీకరించబడవు.

ఇక మిల్లు మిల్లంతా మెడలు వంచుకుని తిరిగింది. గేటు దగ్గర కాపలాదారు పాదు తీగ నులి కొసలు వెతికాడు. టైమాఫీసు గుమాస్తా పిల్లి తోక వెంట రెండు రోజులు తిరిగాడు. తోక వంకర తిరిగినప్పుడు కింద చుక్క ఉండదు, చుక్కలాంటిది దొరికినప్పుడు పిల్లి ఉండదు. కాటా వేసేవాడు ఇనప కొక్కేన్ని, దాని కొస నుంచి జారబోతున్న నూనె బొట్టునీ పట్టాలని ఓ పూటంతా కూర్చున్నాడు. ఆ పూట కాటాకి వచ్చిన బళ్లన్నీ గేటు బయటే నిలిచాయి. నూలు చుట్టే ఆడవాళ్లకి మాత్రం శ్రమే లేకపోయింది. వాళ్ల కాళ్ల కింద తెగిన పోగులు వందల కొద్దీ ప్రశ్నార్థకాలై పడి ఉంటాయి. ఫోటోలు తీసి ఇస్తే స్టోరు గుమాస్తా వెనక్కి ఇచ్చేశాడు.

“నేల మీద నూలు పడుతోందని మనమే రాసిచ్చినట్టవుతుందమ్మా. ఇంకేదైనా వెతుక్కోండి.”

పోటీ న్యాయనిర్ణేతల్లో స్టోరు గుమాస్తా ఒకడు. ఫోటోలు అచ్చువేసే సిరా ఆయన బీరువాలో ఉంటుంది మరి.

అందరి కంటే మంచి ఫోటో ఫిట్టరు తీశాడు. పక్కనుంచి మేనేజరు చెవి, తమ్మె కింద సరిగ్గా చుక్క పెట్టినట్టు పుట్టుమచ్చ. చూసినవాళ్లందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. పోటీకి ఇవ్వమంటే, “ఇప్పుడున్నది రాత్రి షిఫ్టు. దీని తర్వాత ఇంకే షిఫ్టు ఉందో నాకు తెలీదు, తెలుసుకోవాలనీ లేదు” అని ఫిట్టరు దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

బీటలాయనకి ఏమీ దొరకలేదు. వంకర టింకర గీతలు చూసి చూసి ఇరవై రెండేళ్లు గడిపిన మనిషికి వంకరలో వింత ఏం కనిపిస్తుంది? పద్దెనిమిదో తేదీన నెలవారీ ఫోటోలు అచ్చు వేయించడానికి స్టోరుకి వెళ్తే, స్టోరు గుమాస్తా వాటిని తిరగేస్తూ టక్కున ఆగాడు.

“ఇదేంటయ్యా?”

“పదిహేడో నంబరు. మీ బేళ్ల గోడ.”

“గోడ సంగతి కాదు. దీని ఆకారం చూడు. పైన గుండ్రంగా తిరిగింది, నడుమ నిలువుగా దిగింది, కింద చుక్క! ప్రశ్నార్థకం కాదూ ఇది?”

కింద చుక్క అంటే పాత మేకు ఊడిన కన్నం. అక్కడ ఒకప్పుడు క్యాలెండరు వేలాడేది. బీటలాయన ఫోటోని దూరంగా పట్టుకున్నాడు, దగ్గరగా పట్టుకున్నాడు. ఎనిమిది నెలలుగా ఆయనకి అది పొడుగు, వెడల్పు, లోతు. ఇప్పుడు ఎంత ప్రయత్నించినా పొడుగూ వెడల్పూ కనిపించలేదు, ప్రశ్నార్థకమే కనిపించింది.

ఇంటికొచ్చి భార్యకి చూపించాడు. ఆవిడ చెయ్యి తుడుచుకుని ఫోటో అందుకుంది.

“నాకెప్పుడూ కొంకిలా కనిపించేది. ఏదైనా తగిలించుకోవచ్చనిపించేది.”

“ఇది పోటీకిస్తా” అన్నాడు ఆయన. గొంతు తగ్గించాడు, ఇంట్లో ఇద్దరే ఉన్నా. “నివేదికలు ఎనిమిది పంపాను, ఒక్కటీ చదవలేదు. ఫోటో అయితే మేనేజరు తన కళ్లతో చూస్తాడు. అడుగు బద్దతో సహా, విరిగిన అద్దంతో సహా ఇస్తా. గోడ ఎంత విచ్చుకుందో అందులోనే కనిపిస్తుంది. ఇక మనం నోరు విప్పక్కర్లేదు.”

“నోరు విప్పకుండా పని జరగాలంటారు.”

“జరిగితే మంచిదేగా?”

“జరిగితే మంచిదే” అని ఆవిడ ఫోటో ఇచ్చేసింది. “చూస్తాడంటారా?”

“చూడక ఎక్కడికి పోతాడు?”

మేనేజరు చూశాడు. చూసి కుర్చీలోంచి లేచాడట. న్యాయనిర్ణేతలు ముగ్గురూ ఒకే మాట మీద నిలబడి మొదటి బహుమతి దానికే ఇచ్చారు. అడుగు బద్ద అందాన్ని చెడగొడుతోందని ఆ పక్క కత్తిరించారు. అద్దం ముక్క చూపుని మళ్లిస్తోందని దాన్ని కంప్యూటరులో తుడిపించారు. మిగిలినదాన్ని తలుపంత పెద్దది చేసి ఆఫీసు వరండాలో తగిలించారు.

బహుమతి ఇచ్చే రోజు మేనేజరు బీటలాయన చెయ్యి పట్టుకుని వదల్లేదు.

“ఎంత లోతుందయ్యా ఇందులో!”

“పన్నెండు మిల్లీమీటర్లండి” అన్నాడు బీటలాయన. ఎనిమిది నెలలుగా ఎదురుచూసిన అవకాశం ఇదేననుకున్నాడు. “పోయిన నెల తొమ్మిదేనండి.”

మేనేజరు విరగబడి నవ్వాడు. “చూశారా, ఎంత నిరాడంబరుడో! కళాకారులందరూ ఇంతే” అని అందరితోనూ చప్పట్లు కొట్టించాడు. చప్పట్ల మధ్య బీటలాయన ఇంకో మాట అనబోయి, మెడలో పడ్డ దండ సర్దుకున్నాడు.

మర్నాడు రెండో సర్క్యులరు వచ్చింది. క్యాంటీను గోడ మీది ప్రశ్నార్థకం మిల్లుకి గర్వకారణం. దాన్ని పూడ్చరాదు, సున్నం కొట్టరాదు, ముట్టుకోరాదు. వచ్చే నెల హెడ్డాఫీసు పెద్దలు చూడ్డానికి వస్తున్నారు. గోడకి గజం దూరంలో ఎర్ర తాడు కట్టారు. పైన దీపం పెట్టారు. తాడు దాటి లోపలికి వెళ్లడానికి మేనేజరు సంతకం కావాలి. అడుగు బద్ద పట్టుకుని వచ్చిన బీటలాయనకి కూడా కావాలి. ఆ నెల పదిహేడో నంబరు గడిలో ఆయన కొలత రాయలేదు, “ప్రదర్శనలో ఉన్నది” అని రాశాడు.

గోడ విషయం అలా ఉండగా, ఆయన విషయం ఇంకోలా ఉంది. ఇరవై రెండేళ్లలో ఎన్నడూ పలకరించని వాళ్లు ఆగి పలకరించసాగారు. “మీకు అసలెలా కనిపిస్తాయండీ ఇవి?” అని నూలు చుట్టే ఆడవాళ్లు అడిగితే మొదట్లో సిగ్గుపడేవాడు. రెండో వారానికి, “ఓపిక పట్టాలమ్మా, వెలుతురు పక్కనుంచి పడాలి” అనసాగాడు. మూడో వారానికి జుట్టు వెనక్కి దువ్వాడు. మేనేజరుని కలిసి గోడ సంగతి చెప్పాలని రోజూ పొద్దున అనుకునేవాడు. దారిలో వరండా ఉంది, వరండాలో తలుపంత ఫోటో ఉంది, ఫోటో ముందు ఎవరో ఒకరు నిలబడి ఉండేవారు. వాళ్లతో మాట్లాడేసరికి మధ్యాహ్నమయ్యేది.

“బహుమతి మీకొచ్చిందా, గోడకొచ్చిందా?” అని భార్య ఒకరోజు అడిగింది.

“నాకే. కాగితం మీద నా పేరుంది.”

“గోడకొచ్చినా బాగుండేది. దానికి దండకి బదులు కాస్త సిమెంటు వేసేవాళ్లు.”

“అన్నిటికీ సమయం రావాలే.”

“వస్తుంది. గోడకి తొందరుంది, మీకే లేదు.”

హెడ్డాఫీసు పెద్దలు రావలసిన రోజు పొద్దున్నే మేనేజరు ఏర్పాట్లు చూడ్డానికి క్యాంటీనులోకి వచ్చి కెవ్వున కేకేశాడు. రాత్రికి రాత్రే బీట కిందికి పరిగెత్తింది. మేకు కన్నంలోంచి దూరి, అటువైపు తేలి, జానెడు కిందికి దిగింది. చుక్క లేదు. ప్రశ్నార్థకమూ లేదు.

“చేతికర్రలా ఉందేమిటయ్యా ఇది!” అన్నాడు మేనేజరు. గడియారం చూసుకున్నాడు. “ఇంకో అరగంటలో వాళ్లు వస్తారు. వాళ్లకి నేనిప్పుడు చేతికర్ర చూపించనా?”

బీటలాయనకి కబురు వెళ్లింది. ఆయన వచ్చి చూసి, “కదిలిందండి” అన్నాడు.

“కదిలిందని నాకూ కనిపిస్తోంది. నువ్వు చెయ్యాల్సింది చెబుతా విను. చుక్కకి కింద పెరిగినదంతా పూడ్చెయ్యి. చుక్కకీ పై గీతకీ మధ్య కూడా పూడ్చెయ్యి. పైది మాత్రం ముట్టుకోకు. ఎలా ఉండేదో అలా రావాలి. నీ చేత్తోనే చెయ్యి, దాని అందం తెలిసినవాడివి నువ్వొక్కడివే.”

“మొత్తం గోడండీ...”

“మొత్తం గోడ గురించి ఎవరన్నారు? జానెడు.”

క్యాంటీను గోడకి సిమెంటు కావాలని ఎనిమిది నెలల్లో ఆరుసార్లు అడిగితే స్టోరులో లేదన్నారు. ఇప్పుడు నాలుగు నిమిషాల్లో గుమాస్తా స్వయంగా తెచ్చాడు, చిన్న గిన్నెలో కలిపి మరీ. “త్వరగా కానీ, కళాకారుడా” అని వెళ్లిపోయాడు.

బీటలాయన తాడు దాటి గోడ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఐదో అద్దం రెండు ముక్కలై ఒక్కో ముక్క ఒక్కో వైపు వేలాడుతోంది. అలవాటుగా అడుగు బద్ద తీసి బీటలో దించాడు. పందొమ్మిది. తప్పు చూశాననుకుని మళ్లీ దించాడు. పందొమ్మిదే. అరచెయ్యి గోడకి ఆనించాడు. షెడ్డులో యంత్రాల వణుకు చేతిలోకి వచ్చింది. ఇదివరకు గోడంతా ఒకటిగా వణికేది. ఇప్పుడు బీటకి అటువైపు ఒకలాగా, ఇటువైపు ఒకలాగా వణుకుతోంది.

వెనక, నాలుగడుగుల దూరంలో, ఆయన భార్య పొయ్యి దగ్గర నిలబడి ఎవరికి ఎన్ని టీలో తనలో తాను అనుకుంటోంది. అనుకుంటూనే పాలగిన్నె మీద మూత అంచు పట్టుకుని, ఒక పక్కకి వంచి, దాని మీద పడ్డ సున్నపు రజను కింద దులిపి, మళ్లీ మూత పెట్టింది. కాసేపటికి పక్క గిన్నె మూత కూడా అలాగే. చూడకుండానే చేస్తోంది, కళ్ల మీద పడ్డ వెంట్రుకలు తోసుకున్నంత తేలిగ్గా.

“ఎప్పట్నుంచే ఇలా?” అన్నాడు ఆయన.

“ఎలా?”

“ఆ దులపడం.”

ఆవిడ చేతిలో మూత వైపు ఓసారి చూసుకుంది. “ఏమో. అలవాటైపోయింది. మీ ఫోటో కంటే ముందే.”

“నాతో అనలేదే?”

“రోజూ అంటూనే ఉన్నాగా. మీరు రిజిస్టరులో రాసుకోలేదేమో.” ఆవిడ మూత పెట్టేసింది. “కానివ్వండి. వాళ్లొచ్చేస్తారు. మీ బొమ్మ సరిగ్గా రాకపోతే మళ్లీ నా గోడనే తిడతారు.”

బీటలాయన తాపీతో సిమెంటు కాస్త తీశాడు. బీట దాకా తీసుకెళ్లాడు. తాపీ అక్కడే ఆగింది. క్యాంటీను మూస్తే ఈవిడ రేపు ఇంట్లో కూర్చుంటుంది. కూర్చుని ఏమంటుందో కూడా ఆయనకి తెలుసు, ఎన్నాళ్లు అంటుందో తెలుసు. ఇరవై రెండేళ్లలో ఆయన ఒక్క గోడ గురించీ ఒక్కమాట గట్టిగా రాయలేదు. ఇప్పుడు గట్టిగా చెప్పడం ఎలా మొదలుపెట్టాలో మాత్రం తెలియలేదు. పైనుంచి చిటికెడు సున్నం రాలి ఆయన వెనక్కి దువ్విన జుట్టు మీద పడింది.

ఆయన లేచాడు. తాపీలో ఉన్న సిమెంటు గిన్నెలో పడేశాడు. పొయ్యి దగ్గరికి వెళ్లి మీట తిప్పాడు.

“అదేంటి? పాలు పొంగనివ్వండి!”

“పొంగక్కర్లేదు. నీ చెప్పులు వేసుకో.”

“నా పని...?”

“పని పోతుంది. చెప్పులు వేసుకో.”

ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. చెప్పుల కోసం బల్ల కిందికి వంగింది.

అప్పుడే తలుపు తెరుచుకుంది. ముందు మేనేజరు, ఆయన వెనక ఇస్త్రీ బట్టల్లో హెడ్డాఫీసు పెద్దలిద్దరు, వాళ్ల వెనక పూలగుత్తులతో స్టోరు గుమాస్తా.

“రండి రండి, ఇదే ఆ గోడ. వీడే ఆ కళాకారుడు” అని మేనేజరు గడప మీద కాలు పెట్టి, గొంతు తగ్గించి, “అయిందా?” అన్నాడు.

బీటలాయన తలుపుకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. చేతులకి సిమెంటు ఉంది, నమస్కారం పెట్టలేదు.

“పొయ్యి ఆర్పేశానండి” అన్నాడు. “ఈ గోడ మొత్తం పడగొట్టి కట్టేదాకా లోపలికి ఎవర్నీ రానివ్వను. మా ఆవిణ్ణి కూడా. మీరు ఆ కాలు వెనక్కి తియ్యండి.”